మామ్మ బెల్లంముక్క, నా దవడ కీలు

నా చిన్నప్పుడు నా నోటికి జడిసి మా వీధి కుక్కలు కూడా దారి మార్చుకునేవి. బళ్ళో ఎంతోకాలం నిలవలేదు గానీ, ఎదురు సమాధానాల్లో మాత్రం నాకు నేనే పంతులమ్మని. ఒకరోజు మా మేనత్త వస్తోందని తెలిసి మామ్మ ముందే షరతు పెట్టింది. అత్తకి ఒక్క మాట ఎదురు చెప్పకపోతే, సాయంత్రం తీర్థంలో రంగులరాట్నం ఎక్కిస్తుందట.

అత్త గుమ్మంలోనే మొదలెట్టింది. నా జడ చీపురులా ఉందంది, నడక బాతులా ఉందంది. రాట్నం కోసం పళ్ళు బిగించి కూర్చున్నాను. మధ్యాహ్నానికి చెవుల ముందు ఒకటే పోటు. ముద్ద పెట్టుకోబోతే నోరు తెరుచుకోలేదు. మామ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో దవడలు కాపింది. తర్వాత చిన్న బెల్లంముక్క నోట్లో పెట్టి, "నాలుకతో అంగిట్లో ఆనించుకోవే. కొరికావో, రాట్నం లేదు," అంది.

పెదాలు కలిపి, పళ్ళు విడిగా ఉంచి, తీపి మింగుతూ కూర్చున్నాను. అత్త ఏమన్నా "ఊఁ" అన్నాను. వెళుతూ వెళుతూ ఆవిడ మామ్మతో, "పిల్లకి జ్వరమేమో చూడమ్మా," అంది.

రాట్నం ఎక్కాను.

ఇప్పుడు దుబాయ్‌లో ఒక మేడమ్ ఇంట్లో వంట చేస్తున్నాను. ఆవిడతో పోలిస్తే మా అత్త దేవత. పొద్దున లేస్తే "యల్లా, యల్లా!" అంటూ ఒకటే తొందరపెడుతుంది. జవాబు నాలుక చివరిదాకా వస్తుంది, వీసా గుర్తొచ్చి పళ్ళు బిగిస్తాను. కిందటేడు ఒక పొద్దున దవడ టక్కుమంది, నోరు వేలు పట్టేంత మాత్రమే తెరుచుకుంది. జన్మంతా ఇలాగే ఉండిపోతే? నోరు లేని నన్ను నేనుండే కరామా పేటలో ఎవరు గుర్తుపడతారు?

పక్కగదిలో ఉండే మా గోదావరి నర్సమ్మాయి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. పళ్ళు బిగించీ బిగించీ కీలు దగ్గర కండరాలు పట్టేశాయన్నాడాయన. మెత్తటి తిండి తినమన్నాడు, వేడి కాపడం పెట్టమన్నాడు, పెద్దగా ఆవలించొద్దన్నాడు. మిగతాది దారిలో ఆ అమ్మాయి చెప్పింది.

"నాలుక పైన ఆనించండి పిన్నిగారూ. పళ్ళకి పళ్ళు తగలకూడదు."

"మరి బెల్లం ఇవ్వవేంటే?"

"మీకు షుగరుంది. ఒట్టి నాలుక చాలు."

నవ్వొచ్చింది, దవడ కలుక్కుమంది.

నొప్పి పూర్తిగా పోలేదు గానీ, ముద్ద సుఖంగా దిగుతోంది. మేడమ్ గొంతు లేచిందంటే చాలు, నాలుక తనంతట తనే పైకి చేరుతుంది. మొన్న ఆవిడ నావంక అనుమానంగా చూసి, "తబియత్ ఠీక్ హై?" అని వచ్చీరాని హిందీలో నా ఒంట్లో ఎలా ఉందో అడిగింది.

"ఊఁ" అన్నాను, నోట్లో లేని బెల్లం చప్పరిస్తూ.