మోళ్లు లేని మడి

పోయిన నెలలో ఒక వాన వెలిసిన ఉదయం, ఇప్పుడు నేనుండే ఊరు కాపెల్‌లో మా వీధివాళ్లం కలిసి సాగుచేసుకునే తోటకు వెళ్లేసరికి, ఏళ్ల తరబడి గునపమైనా దింపకుండా, ఎండుటాకులూ నిరుటి బెండ మోళ్లూ కప్పి నేను కాపాడుకున్న మడి, అద్దెకు తెచ్చిన యంత్రం కింద పెళ్లలు పెళ్లలుగా తిరగబడి ఉంది. పక్క మడి ఇంజనీరు చెమట తుడుచుకుంటూ ఎదురువచ్చాడు.

“అంకుల్, మాది టిల్ చేస్తూ మీది కూడా చేసేశా. మొత్తం చెత్తే ఉండె. ఇప్పుడు చూడండి ఎంత నీట్‌గా ఉందో. థాంక్స్ వద్దు, గోంగూర వస్తే ఒక కట్ట ఇవ్వండి చాలు.”

నాకు కలిగినది కోపం కాదు, రోత. అది నాకు కొత్తదీ కాదు.

చదువు ముగిసిన తొలి ఏళ్లలో, ఉత్తర డకోటాలోని ఒక పరిశోధన క్షేత్రంలో, వసంతంలో విత్తే గోధుమకు ఏ దుక్కి మేలో తేల్చే పని నాకు అప్పగించారు. ఒక మడిని ఏటా రెక్కనాగలితో లోతుగా దున్నేవాళ్లం. పక్కదానిలో దున్నకుండా, నిరుటి గోధుమ మోళ్ల మధ్యనే గింజ నాటేవాళ్లం. చల్లగా, చిత్తడిగా వచ్చిన వసంతాల్లో మోళ్ల మడి మొలక ఆలస్యమై దున్నినదే ముందుండేది. అదీ దాచకుండా రాశాను. కాని వాన మొహం చాటేసిన ఏడాది, దున్నిన నేల గాలికి లేచి రోడ్డవతల పడుతుండగా, మోళ్ల కింద కరిగిన మంచు తేమ నిలిచి, ఆ మడిలోనే గింజ నిండింది. మరొక్క ఎండ ఏడాదిలోనూ అదే రుజువైతే రైతులకు ధైర్యంగా చెప్పవచ్చునని కాచుకుని ఉన్నాను.

కోతలయ్యాక రైతుల సందర్శన దినం వచ్చింది. మోళ్లు అతిథుల కంటికి అసహ్యంగా ఉంటాయని, నేలశాస్త్రమే చదివిన మా అధికారి, నేను సెలవులో ఉన్న వారంలో ఆ మడిని దున్నించి, దంతె తోలించి, అలికిన వాకిలిలా తీర్చిదిద్దించాడు. దాని ముందు నిలబడి అందరూ ఫోటోలు దిగారు. మరుసటి ఏడు ఎండే వచ్చింది. రెండు మడులూ ఒక్కలాగే మాడాయి. రైతులకు చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగలలేదు.

ఇక్కడ ఇంజనీరు చేతిలో మాత్రం, పోయిన నెల ఆ ఉదయమే ఒక తడి పెళ్ల పెట్టి, తడి నేలను తిరగేస్తే ఏమవుతుందో ఎండాక విరిచి చూడమన్నాను. నిన్న ఇటుకలా బిగిసినదాన్ని తెచ్చి, పేపర్‌వెయిట్‌గా బాగుంది అంకుల్ అన్నాడు. ఆ రోజుల్లో నేలను పాడుచేసినవాడికి, కనీసం తాను పాడుచేసినదేమిటో తెలిసి ఉండేది.