మూడో పాట

గుడివాడ బస్టాండు ఎదురుగా సుజాత అనే ఆవిడ సెల్‌ఫోన్ల కొట్టు నడిపేది. ఫోన్లలో మెమరీ కార్డులు కొత్తగా వచ్చిన రోజులవి. మాది కడప. దారిలో వినడానికి సినిమా పాటలు ఎక్కించుకుందామని ఆగాను. ఆవిడ డబ్బు తీసుకుని, "ఇంకో నాలుగు ఎక్కించనా అన్నయ్యగారూ? మా ఆయనా, ఆడపడుచూ, నేనూ, మేం ముగ్గురం సొంతంగా కట్టి పాడినవి. ఊరికే ఇస్తాను" అంది.

"సినిమా పాటలకు డబ్బులు, మీ పాటలు ఊరికేనా?"

"అవి మీరు అడిగారు. ఇవి వినమని నేను అడుగుతున్నాను. డబ్బెలా తీసుకుంటానండీ?"

గ్రంథాలయంలో సంగీతం పుస్తకాలు చదివిన ధీమాతో, ఏ రాగమని అడిగాను.

"అవన్నీ మాకు తెలీవండీ. మావాళ్లంతా బాగుందనే అంటారు, చుట్టాలు కదా. ఇంకా పాటలు కట్టాలో మానాలో తేలడం లేదు. మీరు బయటివాళ్లు. చివరిదాకా విన్నది ఒక్కటున్నా ఫోన్ చేసి చెప్పండి" అని నంబరు రాసిచ్చింది.

అవనిగడ్డ బస్సెక్కాను. నేను దిగాల్సిన పామర్రులో స్నేహితుడు నాకోసం నిలబడి ఉన్నాడు. మూడో పాట కాలువకు నీళ్లు వదిలే రోజు గురించి. రాగం సంగతి మరిచిపోయి మళ్లీ మళ్లీ విన్నాను. తలెత్తేసరికి కూచిపూడి.

దిగి ఫోన్ చేశాను. "మూడోదమ్మా. వింటూ పామర్రు దాటిపోయాను."

అవతల నుంచి "ఏవండీ, మూడోదంట! పామర్రు దాటించేసిందంట!" అని వాళ్లాయనకు వేసిన కేక వినిపించింది.

మళ్లీ నాతో అంది: "తిరుగు బస్సులో నాలుగోది వినకండి అన్నయ్యగారూ. ఈసారి గుడివాడ వచ్చేస్తారు."