ఫ్రిజ్ మీద పద్నాలుగు రోజులు

కువైట్‌లోని మిష్రిఫ్‌లో నేను పనిచేసే ఇంటి వంటగదిలో రెండు తలుపుల ఫ్రిజ్ ఒకటుంది. ఆ వేసవిలో దాని ఎడమ తలుపు నిండా పసుపు చీటీలు ఉండేవి. మొత్తం పద్నాలుగు. ఒక్కో చీటీ ఒక్కో రోజు. ఆ రోజు ఏ ఊళ్ళో తిరగాలో మామా దాని మీద అరబ్బీలో రాసేది. పొద్దున ఒక పేరు రాసేది, సాయంత్రానికి పీకేసి ఇంకోటి అతికించేది. పీకినవి కింద పడేవి. ఊడ్చేది నేను.

మామా అంటే ఇంటి యజమానురాలు. ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసే మేమంతా అలాగే పిలుస్తాం. ఆవిడ నాకన్నా ఆరేళ్ళు చిన్నదైనా నాకు మామానే. బడిలో టీచరు కాబట్టి ఏ పనికైనా చార్టు వేయకపోతే ఆవిడకు తోచదు. ఇంట్లో ఆవిడ భర్త, ఇద్దరు పిల్లలు, ఆవిడ తల్లి ఉంటారు. ఆ ముసలమ్మను చూసుకోవడమే నా పని. స్నానం, మందులు, నమాజుకు నీళ్ళు, నడక బండి, అన్నీ నా చేతుల మీదే. ఆమె నన్ను "బింతీ" అని పిలుస్తుంది. బిడ్డా అని అర్థం. నేను లేకుండా ఎక్కడికీ కదలదు. అందుకే వాళ్ళు యూరప్ వెళ్ళినప్పుడల్లా నేనూ వెళ్ళాల్సిందే.

"ఆయ్, మూడోసారి ఎల్తన్నావు అక్కా యూరపు! మా ఊళ్ళో డాక్టరు గారు కూడా ఒక్కసారైనా ఎల్లలేదు," అనేది మా వంటామె. ఆమెది కోనసీమ. ఇక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి ప్రతి శుక్రవారం చర్చికి తెల్లచీర కట్టుకుని పోతుంది. మనిషి మంచిదే కానీ నోరు ఊరుకోదు.

"నేను చూసింది లిఫ్టులు, బాత్రూములు. నువ్వు పోయి చూసిరా, నేనిక్కడ కోడి వండుతా," అనేదాన్ని.

నిజంగా నాకు గుర్తున్న యూరప్ అదే. ఒక హోటల్లో దిగడం, ఎనిమిది షంతాలు విప్పడం, రెండు రోజులు కాగానే మళ్ళీ సర్దడం. ఇక్కడ సూట్‌కేసును షంతా అంటారు. ముసలమ్మ కమోడ్ కుర్చీ, బియ్యం కుక్కరు, మందుల సంచి, పిల్లల ఆట బొమ్మలు, మామా నల్ల అబాయాలు, ఫోటోల కోసం రంగు బట్టలు, వీటన్నిటినీ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చేసరికి ఒక పూట కాదు, ఒక రోజు గాలికి పోయేది. కారులో కూర్చున్న వాళ్ళకు అది గంట ప్రయాణం. నాకు మాత్రం నడుము విరిగే రోజు.

ఈసారి వాళ్ళు వెళ్ళాలనుకున్నది ఫ్రాన్సు, జర్మనీ కలిసే చోటుకు. కోల్మార్, స్ట్రాస్‌బర్గ్, ఫ్రైబర్గ్ అని మూడు పట్నాలు పక్కపక్కనే ఉంటాయట. మధ్యలో కొండల వాలున ద్రాక్షతోటలు, ఆ తోటల్లో వైన్ చేసే పల్లెలు. మామా ఫోనులో చూపించింది. వంకర చెక్కల ఇళ్ళు, ప్రతి కిటికీకీ ఎర్రపూల కుండీలు. అన్నీ నాకు ఒకేలా కనిపించాయి. మా అన్నమయ్య జిల్లాలో కోడూరు దారిన బస్సు దిగిన కొత్తవాళ్ళకు కూడా అంతే, రెండు వైపులా అరటి తోటలే కనిపిస్తాయి, ఊరికీ ఊరికీ తేడా తెలియదు. తేడా అక్కడ పుట్టినవాళ్ళకే తెలుస్తుంది.

చీటీల గొడవ ఆ పల్లెల దగ్గరే మొదలైంది. మామాకు ఆరు పల్లెలు కావాలి, ఆరు రోజులు. బాబాకు, అంటే ఆమె భర్తకు, పెద్ద బజార్లున్న పట్నం కావాలి. పిల్లలకు ఆటల పార్కు కావాలి, అది కూడా రెండు రోజులు. ముసలమ్మ మాత్రం సోఫాలో నుంచి ఒకటే మాట, "సారాయి ఊళ్ళకు నేను రాను. ఆ వాసనకు నా ప్రార్థన చెల్లదు."

"తాగడానికి కాదు యుమ్మా, చూడటానికి," అని మామా తల్లిని బతిమాలేది.

"చూడటానికి ఏముంది? పీపాలు."

ముసలమ్మ అన్నంత పనీ చేస్తుందని నాకు తెలుసు. రెండేళ్ళ కిందట ఇలాంటి పల్లె ఒకదానికి వెళ్ళినప్పుడు వీధి మొదట్లో పీపాలు కనిపించగానే కారు దిగనంది. అద్దాలు కూడా దించనివ్వలేదు. మిగతావాళ్ళు ఊళ్ళోకి పోయారు. నేనూ ఆమె రెండు గంటలు కారులోనే కూర్చున్నాం. ఆమె తస్బీహ్ పూసలు తిప్పుకుంటూ నిద్రపోయింది. నేను అద్దంలో నుంచి ఒక గోడను, ఆ గోడ మీద పాకిన ఒక ద్రాక్ష తీగను చూశాను. నేను చూసిన వైన్ పల్లె అంతే. తరువాత మామా తీసిన ఫోటోల్లో మిగతా ఊరంతా చూశాను. బాగుంది.

వీసా కాగితాల్లో ఏ రాత్రి ఎక్కడ పడుకుంటామో రాయాలి కాబట్టి వారంలోగా తేల్చమని బాబా గడువు పెట్టాడు. దాంతో ఇల్లంతా ఫ్రిజ్ ముందుకు చేరింది. వాళ్ళ తగువులు వింటూ నేను గిన్నెలు తుడిచేదాన్ని. పైకి నోట్లో నాలుక లేనట్టు ఉన్నా, లోపల నా లెక్కలు నాకుండేవి.

నా లెక్క నా బిడ్డ గురించి.

నేను కువైట్ వచ్చినప్పుడు నా కూతురికి ఎనిమిదేళ్ళు. నేనొచ్చి ఇప్పటికి పదమూడేళ్ళయింది. రాయచోటి దగ్గర మా చెల్లెలింట్లో పెరిగి, తిరుపతిలో నర్సింగు చదివింది. పరీక్షలు అయిపోయాయి. బెంగుళూరు ఆసుపత్రిలో ఉద్యోగం ఖాయమైంది. చేరడానికి ముందు పదిహేను రోజుల సెలవు. ఒకసారి డ్యూటీలో పడితే దానికి సెలవు ఎప్పుడు దొరుకుతుందో, నాకు ఎప్పుడు దొరుకుతుందో, రెండూ ఎప్పుడు కలుస్తాయో దేవుడికే తెలియాలి. నాకు రెండేళ్ళకు ఒక నెల సెలవు. ఈసారి అది యూరప్ నుంచి తిరిగొచ్చిన మర్నాడే మొదలు. వాళ్ళు పద్నాలుగు రోజులు తిరిగితే, ఆ ప్రయాణం ఎనిమిదో రోజున మొదలయ్యే దాని పదిహేనులో ఏడు అయిపోతాయి. నాకు ఎనిమిది మిగులుతాయి. పన్నెండుకే తిరిగొస్తే పది.

ఒక నెల సెలవు అంటే బయటివాళ్ళకు చాలానే అనిపిస్తుంది. కువైట్ నుంచి వచ్చిన మనిషి ప్రతి చుట్టం ఇంట్లో ఒక పూటైనా చెయ్యి కడగాలి. లేకపోతే అలుగుతారు. అత్తగారి ఊళ్ళో ఆరు రోజులు, అన్నగారింట్లో నాలుగు, చెల్లెలి దగ్గర అయిదు, కడపలో బ్యాంకు పనులకు మూడు, కొండకు రెండు, ఇట్లా పంచేసరికి నెల అయిపోతుంది. అందరూ వీధి చివరిదాకా వచ్చి సాగనంపుతారు, అందరూ "వచ్చినట్టే లేదు" అంటారు. పోయిన సెలవులో ఆ పంపకం కాగితం రాసింది నా కూతురే. దాని చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. నేను పెట్టె మీద కూర్చుని చెబుతుంటే అది నేల మీద బోర్లా పడుకుని రాసింది.

అందుకని ఆ రెండు రోజుల మీద నాకు ఆశ పుట్టింది.

ఒక మధ్యాహ్నం మామా ఒక్కతే ఫ్రిజ్ ముందు నిలబడి ఉంది. కళ్ళ కింద నలుపు. ఏడు చీటీలు చేతిలో పట్టుకుని నా వైపు తిరిగింది. "తల తిరిగిపోతోంది. నువ్వయితే ఎలా పంచుతావు? చెప్పు."

పదమూడేళ్ళలో నన్ను ఆమె ఇలాంటిది అడగడం అదే మొదలు.

"మామా, అయిదు హోటళ్ళు ఎందుకు? కోల్మార్‌లో ఒక్క ఇల్లు తీసుకోండి," అన్నాను నా వచ్చీరాని అరబ్బీలో. "షంతాలు ఒక్కసారే విప్పుతాను. పొద్దున పోదాం, సాయంత్రానికి వచ్చేద్దాం. పల్లెలన్నీ పది పదిహేను కిలోమీటర్ల లోపే అన్నారు కదా. యుమ్మాకు వద్దనుకున్న రోజు నేనూ ఆమె ఇంట్లోనే ఉంటాం. సర్దడానికి పోయే రోజులు మిగులుతాయి. రెండు తక్కువ కాకుండా మిగులుతాయి."

ఆమె కాసేపు చీటీలు చూసింది. తరువాత చకచకా పీకడం మొదలుపెట్టింది. అయిదు హోటళ్ళ పేర్లు పోయి ఒక్క పేరు మిగిలింది. తలుపు మీద పన్నెండు చీటీలు నిలిచాయి. రెండు ఖాళీ అయ్యాయి. "వల్లా, నువ్వు తెలివైనదానివి!" అని నా చెంప నిమిరింది. "ఖలాస్. తేలిపోయింది."

ఆ సాయంత్రం నా ఒళ్ళు తేలికైంది. ముసలమ్మ కాళ్ళకు నూనె రాస్తూ పాట కూడా పాడాను. వంటామె తొంగిచూసి, "ఏంటక్కా, లాటరీ గానీ తగిలిందా?" అంది. చెప్పాను. ఆమె మొదటిసారి ఎగతాళి చేయలేదు. "దేవుడి దయ. పది రోజులంటే మాటలా," అంది.

మర్నాడు పొద్దున పాల సీసా కోసం వెళితే ఫ్రిజ్ మీద మళ్ళీ పద్నాలుగు చీటీలు ఉన్నాయి.

"చూశావా," అంది మామా కాఫీ తాగుతూ, మనస్ఫూర్తిగా. "నీ పుణ్యాన రెండు రోజులు మిగిలాయి. ఇంకో రెండు పల్లెలు చేర్చాను. ఒకటి కొండ మీద ఉంది, చాలా అందమైనది."

నేను "జైన్ మామా," అన్నాను. బాగుంది అని. ఇంకేమనాలి? ఆమె తప్పేమీ లేదు. రోజులు ఆమెవి. మిగిలినా ఆమెకే మిగులుతాయి. నేను మిగిల్చాను కాబట్టి నావి అనుకున్నాను చూడండి, అదీ నా తెలివి. పాలు కాచాను, పొంగించాను, స్టవ్ తుడిచాను. ఏడుపు రాలేదు. అలసట వచ్చింది, పదమూడేళ్ళది ఒక్కసారిగా. పక్కనున్న కుర్చీలో కూర్చోవాలనిపించింది. ముసలమ్మ లోపలి నుంచి "బింతీ" అని పిలిచింది, వెళ్ళాను.

పోనీ, ఎనిమిదైనా ఉన్నాయి కదా అనుకున్నాను. మామాకు చెప్పిన ఉపాయం నాకే పనికొస్తుంది. నేనూ ఒకే చోట దిగుతాను. ఈసారి పంపకం లేదు. అత్తగారు అలిగినా, అన్న మొహం మాడ్చుకున్నా సరే, ముందు ఎనిమిది రోజులూ నా బిడ్డకే. అది ఎక్కడుంటే అక్కడ. అది ఉద్యోగానికి పోయాక మిగతావాళ్ళ గడపలు తొక్కుతాను. ఈ నిర్ణయం పదమూడేళ్ళ కిందటే చేయాల్సింది. ఇప్పటికైనా చేశానని నా మీద నాకు కొంచెం గౌరవం కలిగింది.

మధ్యాహ్నం ఇల్లంతా ఏసీ వేసుకుని పడుకున్న వేళ, బట్టలు ఆరేసే గదిలో నిలబడి ఫోను చేశాను. అది ఎత్తింది. వెనక బస్సు హారన్లు వినిపించాయి.

"ఏం జేస్తాండావు పాపా?"

"బజార్లో ఉండా అమ్మా. ఉద్యోగానికి తెల్లబట్టలు కుట్టించుకుంటాండా. నీ టికెట్టు అయిందా?"

"అయితాది. నీ సెలవుల్లో ఎనిమిది రోజులు దొరుకుతాయి నాకు. ఈసారి యాడికీ పోనులే. నీతోనే ఉంటా."

అది మెల్లగా అంది, "ఎనిమిదా? అయ్యో, నేను పంచేసుకుంటిని కదమ్మా. పిన్ని దగ్గర నాలుగు. నన్ను పెంచింది, ఊరికే వదిలి పోతే బాధపడదా? ఫ్రెండ్సుతో మూడు రోజులు పోతాండాము, ఇంగ అందరం మళ్ళా కలవం. బెంగుళూర్లో హాస్టలు చూసుకునేకి మూడు."

"మరి నాకు?"

"నీకు అయిదు పెట్టినా." దాని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. బహుమతి ఇస్తున్నప్పటి సంతోషం ఉంది. "పోయినసారి కాగితం మీద నాకు నువ్వు నాలుగే రాయించినావు, యాదుండాదా? నేను ఒక రోజు ఎక్కువే రాసినా."

గుర్తుంది. నేల మీద బోర్లా పడుకుని, పెన్ను పైకెత్తి, "నాకెన్ని రాయను?" అని అడిగింది. నేను కూర్చున్న పెట్టె తాడు విప్పుతూ, తల ఎత్తకుండా, "నాలుగు రాసుకో," అన్నాను.

మామా వాళ్ళ రంగు బట్టలు నా చుట్టూ తీగల మీద ఆరుతున్నాయి. ఒకదాన్ని పట్టుకుని నిలబడ్డాను.

"అమ్మా, ఉండావా?"

"ఉండా. పెన్సిల్‌తో రాసినావా, పెన్నుతోనా?"

"పెన్నుతోనే."

"అట్లనే ఉండనీ," అన్నాను. "అయిదు కొట్టెయ్యాకు."