మైదాకు చేతులు

ఎంట్రన్స్ పరీక్షకు మూడు రోజుల ముందు నేను కంగ్టిలో తోడిపెళ్ళికూతురిగా కూర్చున్నాను. రానని చెప్పాను, అరిచాను కూడా. మేనమామ బిడ్డ పెళ్ళి, పక్కన కూర్చోవడానికి ఈడైన పిల్ల నేనొక్కదాన్నే, కాదంటే పుట్టింట్లో తను తలెత్తుకోలేనని అమ్మ పట్టుబట్టింది. మా వాళ్ళలో తోడు కూర్చున్న పిల్లకే ముందుగా మైదాకు పెడతారు. ఆ గోరింటాకు మోచేతుల దాకా పెట్టారు. రెండు చేతులూ గాల్లో ఉంచుకుని, ఒళ్ళో ఫోనులో మాక్ టెస్టు తెరిచి, జవాబులు ముక్కు కొసతో నొక్కాను. చూసినవాళ్ళంతా పడీ పడీ నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

అది నా రెండో ప్రయత్నం. మొదటిసారి ర్యాంకు ఎక్కడో దూరంగా వచ్చింది. ఇంకొక్క ఏడాది ఇంట్లో ఉండి చదువుకోవడానికి బాపు ఒప్పుకున్నాడు గానీ, మనసులో నమ్మకం లేదు. పరీక్ష అయిన మర్నాడే పటాన్‌చెరులో ఒక కంపెనీలో ప్యాకింగ్ పనికి నా పేరు రాయించి వస్తానని పెళ్ళిలో కూడా ఇద్దరు ముగ్గురితో అన్నాడు. నేను వింటున్నానని తెలిసే అన్నాడు.

నారాయణఖేడ్ తిరిగొచ్చాక, పరీక్షకు ముందు రోజు, హాల్ టికెట్ తీయించుకోవడానికి అమ్మతో కలిసి బస్టాండు దగ్గరి నెట్ సెంటర్‌కు వెళ్ళాను. కాగితాలు చేతికిస్తూ నెట్ సెంటరాయన నా చేతుల వంక చూసి ఆగిపోయాడు. రెండో పేజీలో ఒక లైను మీద వేలు పెట్టాడు.

“మైదాకు పెట్టుకోని రావద్దని రాసిండ్రు గదా. ఏలు మిషిన్ల పట్టకపోతె లోపటికి రానియ్యరేమో.”

ఆ పేజీని ఫోనులో ఎన్నిసార్లు చూశానో. ఫిజిక్స్ ఫార్ములాలు నిద్రలో అడిగినా చెప్పే తెలివిగలదాన్ని, ఆ ఒక్క లైను చదవలేదు.

అమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. రేషన్ దుకాణంలో మిషన్ ఆమె వేలిముద్ర పట్టక రెండేళ్ళయింది. పత్తి ఏరీ కలుపు తీసీ వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. ఆమె వేలు పెట్టడం, అది కాదనడం, వెనకాల నేను వెళ్ళి బియ్యం తేవడం మాకు మామూలే. అందుకే వేలు అడిగే మిషనంటే ఆమెకు హడల్. ఇంటికి రాగానే నన్ను బట్టలుతికే బండ దగ్గర కూర్చోబెట్టి, నిమ్మకాయతో రుద్దింది, సోడాతో రుద్దింది, చివరికి దొడ్డుప్పు తెచ్చి ఒక్కో వేలూ తోమింది. మంటపుడుతోందని ఏడ్చినా వదల్లేదు. ఎర్రగా పండిన రంగు ఇటుక రంగుకు దిగిందే తప్ప పోలేదు.

మర్నాడు మొదటి బస్సుకు సంగారెడ్డి బయల్దేరాం. దారి పొడుగునా అమ్మ నా వేళ్ళ మీద ఊదుతూనే ఉంది. నేను చెయ్యి లాక్కున్నా మళ్ళీ పట్టుకుంది.

సెంటర్లో వేలిముద్ర తీసుకునే అమ్మాయి ఎడమ బొటనవేలు పెట్టమంది. ఎర్ర లైటు. మళ్ళీ పెట్టాను, మళ్ళీ ఎర్రదే. నా చెయ్యి తిప్పి చూసింది.

“రంగుతోని ఏం కాలె. తోలే లేచిపోయింది. ఏం పెట్టి రుద్దినవ్?”

ఉప్పన్నాను. పక్కన నిలబడమంది. నా వెనకాల వాళ్ళు ఒక్కొక్కరే వేలు పెట్టి లోపలికి వెళ్ళిపోతున్నారు. నేను గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను. వరసంతా అయిపోయాక, గేటు మూసే వేళకు, మళ్ళీ పిలిచి వేలు తర్వాత వేలు పెట్టించింది. కుడిచేతి చిటికెనవేలికి పచ్చలైటు వెలిగింది. పరుగెత్తాను.

మౌస్ పట్టుకుంటే వేళ్ళు భగ్గుమన్నాయి. మొదటి లెక్క నాలుగుసార్లు చదివినా బుర్రకెక్కలేదు. అమ్మ మీది కోపంతోనే పళ్ళు బిగబట్టి మూడు గంటలు రాశాను.

బయటికొచ్చేసరికి గేటు దగ్గర అమ్మ ఎండలోనే నిలబడి ఉంది. మిషన్ పట్టిందా అని అడిగింది. చిటికెనవేలు పట్టిందన్నాను. పరీక్ష సంగతి అడగలేదు. నడుము దగ్గర దోపుకున్న ఫోను తీసి బాపుకు చేసింది.

“మన పిల్ల పాసైంది. ఇగ కంపెనీ మాట తియ్యకు.”

అవతల ఆయన ఏదో అడుగుతుండగానే పెట్టేసింది.

మూడు రోజుల కోపమంతా అక్కడే కక్కేశాను. పాసవడమంటే మిషన్ వేలు పట్టడం కాదని, ఇంకా ర్యాంకు రావాలని, తెలియకుండా ఎందుకలా చెప్తావని నలుగురూ చూస్తుండగా అరిచాను. అమ్మ అంతా విన్నది.

“గది నాకెర్కనే. ర్యాంకొచ్చేదాంక మీ బాపు కంపెనీల నీ పేరు రాపియ్యడు గదా.”



రోజులు గడిచాయి, బాపు పటాన్‌చెరు పేరెత్తలేదు. ర్యాంకు వచ్చి, ఈసారి సీటు ఖాయమని నెట్ సెంటరాయన చెప్పిన రోజు అమ్మ ఇంటి గడపలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. పిల్ల ఎప్పుడో పాసైతే అమ్మకు ఇప్పుడు ఏడుపెందుకని బాపు నన్నడిగాడు.