రాజవ్వ తాగని నీళ్ళు

తెల్లవారుజామున నల్లా వచ్చే వేళకు ప్రణాలి లేచి నాలుగు లీటరు సీసాలు నింపేది. అమ్మ పడుకున్న చాప పక్కన వాటిని వరసగా పెట్టి, మాల్‌లో బట్టల దుకాణం డ్యూటీకి పోయేది. సాయంత్రం తను తిరిగొచ్చేసరికి నాలుగూ ఖాళీ కావాలి. అది డాక్టర్ ఆర్డరు, అంతకు మించి ప్రణాలి ఆర్డరు.

మూడు రోజులుగా నాలుగూ ఖాళీగానే కనిపిస్తున్నాయి. పిల్ల మురిసిపోయింది. ఆ నీళ్ళు అమ్మ కడుపులోకి కాక గది మూలన గిన్నెలు తోమే మోరిలోకి పోతున్నాయని దానికేం తెలుసు?

రాజవ్వకు యాభై రెండేళ్ళు. తాత పాలమూరు నుంచి వచ్చి బొంబాయి మేడలకు రాళ్ళు మోశాడు. ఆమె కామాటిపురలోనే పుట్టి, అక్కడే రాజమల్లును చేసుకుని, ముప్పయ్యేళ్ళు తాడ్‌దేవ్ ఫ్లాట్లలో పాచిపని చేసింది. ఆ ఇళ్ళలో ఆమె తళతళా కడిగిన బాత్రూములకు లెక్కలేదు. ఒక్కసారి వాడుకోనిచ్చిన మహాతల్లి మాత్రం ఒక్కతీ లేదు. తాముండే వరసగదుల మేడకు, ఆ చాలుకు వస్తే, అందరికీ కలిపి ఉన్న సండాసు దొడ్డి రెండంతస్తుల కింద, వెనక గల్లీలో ఉంటుంది. దీపాలు పెట్టాక ఆ గల్లీలో నీళ్ళ డబ్బా పట్టుకుని నిలబడ్డ ఆడదాన్ని కూడా ఒళ్ళమ్ముకునేదనుకుని "ఎంత?" అని అడిగే మగవాళ్ళు తిరుగుతారు.

అందుకే రాజవ్వ నీళ్ళు తాగడం మానేసింది. పొద్దున చాయ్, మధ్యాహ్నం అన్నంతో అరగ్లాసు, నాలుగు దాటితే చుక్క ముట్టదు. ఇది కష్టమని ఆమె ఎన్నడూ అనుకోలేదు. తెలివనుకుంది, నలుగురిలో గొప్పగా చెప్పుకుంది కూడా. ప్రణాలికి ఏడేళ్ళప్పుడు దాని చేతిలోంచి గ్లాసు లాక్కుని మరీ ఆ తెలివి నేర్పింది.

ఆ తెలివి ఒక కిడ్నీని సప్పుడు లేకుండా మింగేసింది. రెండోదాంట్లో రేగిపండంత రాయి. సర్కారు దవాఖానలో నడుములో చిన్న చిల్లు పెట్టి రాయిని పగలగొట్టి తీశారు. చూడ్డానికి వచ్చిన పక్కగది భూదేవి, "మీ తాత నెత్తిన మోసిండు, నువ్వు కడుపుల మోసినవా ఒదినా?" అని నవ్వింది. రాజవ్వ కూడా నవ్వబోయింది గాని కుట్లు లాగాయి.

డాక్టర్ మాత్రం నవ్వలేదు. ఒకటి పోయింది, మిగిలింది ఇదొక్కటే అన్నాడు. లోపల సన్నటి గొట్టం పెట్టామనీ, పదిహేను రోజుల తర్వాత తీస్తామనీ, అందాకా రోజుకు నాలుగు లీటర్లు తాగకపోతే గొట్టం పూడుకుని ఇదీ పోతుందనీ చెప్పాడు.

మొదటిరోజు రాజవ్వ నిజాయితీగానే తాగింది. ఆ గొట్టం పుణ్యమా అని అరగంటకోసారి ఆపుకోలేనంత తొందర, పోతే నిప్పు పోసినట్టు మంట. నడుము పట్టుకుని కర్రమెట్లన్నీ దిగితే ముందు ఏడుగురు లైన్లో ఉన్నారు. ఆగలేక వెనక్కి తిరిగింది. మెట్ల మధ్యలోనే చీర తడిసిపోయింది. ఎదురొచ్చిన కింది అంతస్తు ముసలి ఎల్లయ్య ఏమీ చూడనట్టు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. పైకొచ్చి సీసాల మూతలు తీసి ఒక్కొక్కటే మోరిలో పోసేసింది.

నాలుగో రోజు ప్రణాలి పెందలాడే వచ్చి తలుపు తోసింది. రాజవ్వ మోరి గట్టు దగ్గర కూలబడి ఉంది. చేతిలో నాలుగో సీసా, ఆఖరి చుక్కలు కారుతున్నాయి.

"మమ్మీ! ఏం జేస్తున్నవ్?"

రాజవ్వ దాచడానికి ప్రయత్నించలేదు. నడుము కోస్తోంది. పొద్దుటి నుంచి ఒంటికి వచ్చింది రెండుసార్లే, అదీ చాయ్ డికాషన్ రంగులో.

ప్రణాలి దవాఖాన వార్డుకు ఫోన్ చేసింది. వెంటనే నీళ్ళు తాగించండి, చలిజ్వరం వచ్చినా, ఈ గంటలో ఒంటికి రాకపోయినా తీసుకొచ్చెయ్యండి అని నర్సు కసురుకుంది.

"ఎందుకు వారబోసినవ్? సచ్చిపోతవ్, తెల్సా?"

"ఎన్నిసార్లు దిగాలె బిడ్డా? నాతోని కాదు."

"ఈ మోరి లేదా? ఇండ్లనే కూసో. ఉన్నది మనమిద్దరమే గదా."

రాజమల్లు పోయి ఐదేళ్ళు. గదిలో ఉన్నది ఇద్దరే, నిజమే. కానీ రాజవ్వ మొహం మాడిపోయింది. ఆ మోరిలో గిన్నెలు తోముతారు, దాని పైనే దేవుళ్ళ అర. మంచంపట్టిన అత్త ఒకనాడు ఆగలేక అందులోనే కూర్చుంటే, రాజవ్వ గదుల ముందు గ్యాలరీ అంతా వినేలా తిట్టింది. ఆ రోజు నుంచి పొద్దుగూకితే ముసలిదానికి నీళ్ళు ఇవ్వలేదు. నెల తిరక్కుండా ఒళ్ళంతా వాచి ముసలిది పోయింది. ఎందుకు పోయిందో ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నది రాజవ్వ ఒక్కతే.

"నోరెండిపోతుందే కోడలా అన్నది," అని గొణిగింది. "నేను ఇయ్యలే."

ప్రణాలి తలుపు గడియపెట్టి, పాత చీర ఒకటి మడత విప్పి మోరికి అడ్డంగా పట్టుకుంది. రాజవ్వ గోడ పట్టుకుని కూర్చుంది. మంటకు పళ్ళు కొరికింది. చాలాసేపటికి ఎర్రగా నాలుగు చుక్కలు పడ్డాయి. "అత్తా," అని ఏడ్చింది, "అత్తా, నన్ను ఇడువు."

"బస్, ఇగ చాలు మమ్మీ. నీల్లు తాగు ముందు."

సీసాల్లో చుక్క లేదు. డ్రమ్ములో అడుగున మడ్డి. నల్లా మళ్ళీ తెల్లారితే గాని రాదు. ప్రణాలి తన డ్యూటీ బ్యాగు లాగి, అందులోంచి సీసా తీసి మూత తిప్పి అందించింది.

రాజవ్వ అందుకోబోయి ఆగిపోయింది. సీసా మెడదాకా నిండుగా ఉంది. పొద్దున నింపుకుపోయింది నింపుకుపోయినట్టే తిరిగొచ్చింది.

"పొద్దుటిసంది తాగలేదా?"

"దుకాన్ల బాత్రూముకు పోతే సూపర్‌వైజర్ టైము రాస్తడు." ప్రణాలి మామూలుగా చెప్పింది. "నాకు అలవాటే గదా. నువ్వే నేర్పినవ్."

రాజవ్వ సగం సీసా గటగటా తాగి, మిగతా సగం కూతురి నోటికి ఆనించింది.

"తాగు. నా మీద ఒట్టు, తాగు."

ప్రణాలి ఒక గుక్క మింగింది. మింగుతూనే, తెలియకుండానే, కిటికీలోంచి కిందికి చూసింది. సండాసు గల్లీలో అప్పుడే లైట్లు వెలుగుతున్నాయి. పిల్ల పెదవులు బిగుసుకుని సీసా దగ్గర మూసుకున్నాయి.