మిర్రర్ సర్వరులో హైమ గొంతు

మా కాలేజీలో కంప్యూటర్లూ నెట్టూ చూసుకునే మణిశంకర్‌ని మెచ్చుకున్నవాళ్ళని నేను చూడలేదు. నెట్ రాకపోతే తిట్టడానికి మాత్రం అందరికీ నోరు లేస్తుంది. ధవళేశ్వరం దాటాక ఏటిగట్టు పక్కనే ఉంటుంది మా ఇంజినీరింగ్ కాలేజీ. నేను లైబ్రేరియన్ని, పేరు వరహాలక్ష్మి. కోపం ముక్కు మీదే ఉంటుందని నాకు పేరు, అదేం అబద్ధం కాదు. నా గదికి ఎదురుగా అతని సర్వర్ గది. పొద్దున్నే నేను లైబ్రరీ తలుపులు తీసే వేళకి అతను వచ్చి కూర్చునేవాడు.

అతను పెట్టినదే మా మిర్రర్ సర్వర్. అదేంటో నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను ఒకసారి. "ఎక్కడో విదేశంలో పెద్ద సర్వర్ ఉందండి. అందులో సాఫ్ట్‌వేర్లన్నీ ఉచితం. లోకమంతా అక్కడికే పోతే తొక్కిసలాట కదండీ? అందుకని మనలాంటివాళ్ళం దాని నకలు పెట్టుకుంటాం. కాకినాడ కుర్రాడైనా కటక్ కుర్రాడైనా మన దగ్గరే దించుకుంటాడు," అన్నాడు. రోజూ పొద్దున్నే మన సర్వర్ ఆ పై సర్వర్‌తో సరిచూసుకుంటుంది. దాన్నే సింక్ అంటారు. పైన కొత్తది చేరితే ఇక్కడికి వస్తుంది, పైన తీసేస్తే ఇక్కడా చెరిగిపోతుంది. "కాలవలాగేనండి. పైనుంచి వదిలిందే మనకి," అన్నాడు.

అతని భార్య హైమ వరద కంట్రోల్ రూములో పనిచేసేది. గోదావరి పెరిగే రోజుల్లో నీటిమట్టం ఎంతో, ఎప్పుడు కదలాలో ఏటి మధ్య లంకలవాళ్ళ ఫోన్లకి వాయిస్ మెసేజ్ పెట్టేది. టీవీలో చెప్పినా, టాంటాం వేసినా తాటిపర్తిలంక జనం కదలరు. ప్రతి ఏడూ చెప్పేదేలే అని చుట్ట వెలిగించుకుంటారు. హైమ గొంతు వినబడితే మాత్రం గొడ్ల పలుపులు విప్పేవాళ్ళు. ఆమె పోయి రెండేళ్ళయింది. జ్వరమని ఆసుపత్రికి వెళ్ళిన మనిషి మళ్ళీ ఇంటికి రాలేదు. ఆ మెసేజులు లంకవాళ్ళ ఫోన్లలో ఎప్పుడో చెరిగిపోయాయి. వరద కబుర్లు ఎవరు దాచుకుంటారు? దాచుకున్నది మణిశంకర్ ఒక్కడే. ఆమె గొంతు అతనికి మిగిలింది అంతే.

వాటిని ఎక్కడ పెట్టాడో తెలుసా? ఆ మిర్రర్ డిస్కులోనే! కాలేజీ మొత్తంలో కరెంటు పోయినా ఆగని డిస్కు అదొక్కటేనట. సింక్ చేసేటప్పుడు ఈ ఫోల్డరు జోలికి పోవద్దని ఒక లైను రాసి పెట్టుకున్నాడు. అందరికీ ఫైళ్ళు రెండు చోట్ల దాచుకోండని చెప్పే మనిషి, తనది మాత్రం ఒక్క చోటే ఉంచాడు. చెప్పేవి శ్రీరంగనీతులు అని దెప్పిపొడిచాను. "తను రెండు చోట్ల ఉందనుకుంటే మనసొప్పట్లేదండి," అన్నాడు.

పోయిన శ్రావణంలో కొత్త సర్వర్ వచ్చింది. పాతదానిలోవన్నీ కొత్తదానికి ఎక్కించి, పాతది తుడిచి వేరే ల్యాబుకి ఇచ్చేశారు. శుక్రవారం ప్రారంభం. ప్రిన్సిపాల్ శివరామకృష్ణ గారు కొబ్బరికాయ కొట్టి, సర్వరుకి పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టారు. అంతలో వాచీ చూసుకుని, "వర్జ్యం వచ్చేస్తోందయ్యా! నొక్కు, నొక్కు!" అని కంగారు పెట్టేశారు. మణిశంకర్ సింక్ నొక్కేశాడు. అందరం చప్పట్లు కొట్టాం, ప్రసాదం పంచాం. నా చేతిలో కొబ్బరిముక్క నోటిదాకా వెళ్ళేలోపే అతని మొహంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది. ఆ కంగారులో హైమ ఫోల్డరు జోలికి పోవద్దనే లైను కొత్తదానిలో రాయలేదు.

సింక్ మధ్యలో ఆపే ధైర్యం కూడా రాలేదు పాపం. పూర్తయ్యాక ఫోల్డరు తెరవలేక నన్ను తెరవమన్నాడు. తెరిచాను. అన్నీ ఉన్నాయి!

"ఉండకూడదండీ," అన్నాడు మణిశంకర్. సంతోషించాల్సిన మనిషి గోడకి చేరబడిపోయాడు. "పైన లేనిది ఇక్కడ మిగలదు. మిగిలిందంటే పైన ఉన్నట్టేనండి."

పై సర్వర్ చూసేవాళ్ళకి ఈమెయిల్ రాశాడు. అలాంటి ఫోల్డరు మా దగ్గర లేదు, ఎప్పుడూ లేదు అని జవాబొచ్చింది. మర్నాడు పొద్దున సింక్ అయ్యాక మా దగ్గరున్న ఆ ఫోల్డరులో కొత్త ఫైలు ఒకటి చేరింది. ఇద్దరం విన్నాం. వెనక ఏటి హోరు, ముందు హైమ గొంతు. "ధవళేశ్వరం దగ్గర రేపు పొద్దుటికి మొదటి హెచ్చరిక మట్టం దాటుతుందండి. లంకల్లో ఉన్నవాళ్ళు జాగ్రత్త." ఓరి నాయనో! పాతదేమోలే అని సర్దిచెప్పబోయాను. తేదీ చూస్తే ఈ ఏడాదిది.

మర్నాడు పొద్దుటికి నిజంగానే ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు.

ఇంకో కొత్త ఫైలు వచ్చిన రోజున అతను ఫోల్డరులో పాతవి వెతుక్కుంటూ వెతుక్కుంటూ ఒక్కసారి ఆగిపోయాడు. పాతది ఒకటి లేదు. సరిచూసుకుంటే మొదటి కొత్త ఫైలు వచ్చిన రోజూ అలాగే ఒకటి పోయిందని తేలింది. కొత్తది ఒకటి వస్తే, హైమ బతికుండగా మాట్లాడినది ఒకటి పోతోంది. మిగిలినవి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. ఎక్కించినదాంట్లో ఏటి హోరు తప్ప మాట లేదు.

"సింక్ ఆపెయ్యండి మణిశంకర్ గారూ! ఉన్నవైనా దక్కుతాయి," అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"ఆపితే రేపటి నీళ్ళ మాట లంకవాళ్ళకి ఎవరు చెప్తారండి?"

"టీవీ చెప్తుంది, తహసీల్దారు గారు చెప్తారు, మీకెందుకండీ?"

"వాళ్ళు వినరు కదండీ. హైమ చెబితేనే వింటారు."

మొండివాడు రాజు కంటే బలవంతుడని ఊరికే అనలేదు. స్పీకరు దగ్గర ఫోను పెట్టి, ఆమె గొంతు పడుతుందేమోనని ఆశతో రికార్డు చేసి, తిరిగి విని చూసే ధైర్యం లేక అలాగే తాటిపర్తిలంకలో ఉండే పాపాయికి పంపాడు. పాపాయి హైమకి బాగా చనువు, లంకలో పాపాయి మాటకి నలుగురూ కదులుతారు. రోజూ ఒకటి పంపేవాడు. రోజూ ఒకటి పోయేది. పంపేటప్పుడు కళ్ళు తుడుచుకునేవాడు కాదు, అలా కారుతూనే ఉండేవి. నాకు ఏడుపూ వచ్చేది, కోపమూ వచ్చేది. చచ్చిపోయిన మనిషి చేత ఇంత చాకిరీ ఏంటి అనిపించేది.

మూడో హెచ్చరిక రేపు అని చెప్పిన ఫైలుతో పాతవి అయిపోయాయి. తాటిపర్తిలంక జనం గొడ్లతో సహా ఆ మధ్యాహ్నమే పడవలెక్కి గట్టుకి వచ్చేశారని తెలిసింది. మర్నాడు లంక మీద కొబ్బరిచెట్ల తలలు తప్ప ఏమీ కనబడలేదు. ఒక్క ప్రాణం పోలేదు. ఆ పొద్దున సింక్ అయ్యేసరికి ఫోల్డరు ఖాళీ. కొత్తవి కూడా లేవు. మణిశంకర్ తన ఫోనులో పాపాయికి పంపినవన్నీ వరసగా విన్నాడు. అన్నిటిలోనూ ఏటి హోరే.

"మరి వాళ్ళు ఏది విని కదిలారండీ?" అని నన్నడిగాడు.

పాపాయి ఫోనులోనైనా గొంతు మిగిలి ఉంటుందని అతని ఆశ. ఒంటరిగా పంపడం ఇష్టంలేక నేనూ వెళ్ళాను. గట్టు పక్క హైస్కూల్లో లంకవాళ్ళకి వసతి ఇచ్చారు. పాపాయి వరండాలో తడిచీరలు ఆరేస్తోంది. మమ్మల్ని చూసి చేతులు పైటకి తుడుచుకుంటూ వచ్చింది.

"బతికించారు బాబుగారూ! పిల్లాజెల్లా అందరం బయటపడ్డామండి."

"నేను పంపిన మెసేజులు ఒకసారి వినిపిస్తావా పాపాయీ?" అన్నాడు.

"అయ్యో, వాటిలో ఏముందండీ, ఏటి హోరు తప్ప! అవి విని కాదండి. అమ్మగారు ఫోన్ చేశారు కదండీ."

"ఏ అమ్మగారే?" అన్నాను నేను.

"ఇంకెవరండీ, హైమమ్మగారు. రోజూ చేశారండి. చనిపోయిన మనిషి కదా అని మొదటిరోజు చేతిలో ఫోన్ జారిపోయిందండి. కానీ ఆవిడ గొంతు నాకు తెలీదేంటండీ? గొడ్లు విప్పమన్నారు, విప్పాం." పాపాయి మణిశంకర్ మొహం చూసి ఆగింది. చెప్పాలా వద్దా అని నా వంక చూసింది.

"చెప్పు," అన్నాడు మణిశంకర్.

"నిన్న ఆఖర్న అడిగారండి, 'మా ఆయన ఇంకా వింటున్నారా' అని. వింటూనే ఉన్నారమ్మా, మానట్లేదు అన్నానండి. 'ఇంక చాలని చెప్పు పాపాయీ. వారు పిలుస్తుంటే రాలేక రాలేక వస్తున్నాను. ఈ నీళ్ళల్లో ఒళ్ళంతా నానిపోతోంది' అన్నారండి. వణుకుతున్నట్టు ఉందండి గొంతు."

మణిశంకర్ అక్కడే మెట్ల మీద కూలబడ్డాడు. నేనూ పక్కన కూర్చున్నాను. రెండేళ్ళుగా ప్రతి రోజూ అన్నం తింటూ కూడా ఆ గొంతు పెట్టుకుని వినేవాడని నాకు తెలుసు. "అంత కష్టపెట్టానా వరహాలక్ష్మి గారూ?" అన్నాడు. "లేవండి, పోదాం," అన్నాను.

కాలేజీకి తిరిగొచ్చాం. సర్వర్ గదిలో ఫ్యాన్లు మామూలుగానే తిరుగుతున్నాయి. ఏ ఊరి కుర్రాళ్ళో ఏవో దించుకుంటున్నారు. మణిశంకర్ కుర్చీలో కూర్చోకుండా నిలబడే ఆ ఖాళీ ఫోల్డరు మీద డిలీట్ కొట్టాడు. నిజంగానే తీసేయనా అని కంప్యూటరు అడిగింది.

మా ఇళ్ళల్లో గడప దాటుతున్న మనిషిని 'వెళ్ళిరా' అంటాం. ఎంత కోపం వచ్చినా 'వెళ్ళు' అని ఊరుకోం.

"వెళ్ళు హైమా," అన్నాడు మణిశంకర్, నొక్కాడు.