పదకొండు ఫైనల్ ఫైళ్లు, ఒక చివరి తూము

2023 యాసంగి. వనపర్తిలో మోటార్ వైండింగ్ షాపు పైన మా ఆఫీసు. కింద మోటార్లు కాలేవి, పైన మా బుర్రలు. నాతో కలిపి ముగ్గురం. షబానా గద్వాలలో, శేఖర్ నాగర్‌కర్నూల్‌లో ఇంటి నుంచే పని చేసేవాళ్లు. వీపనగండ్ల దగ్గరి ఒక రైతు సంఘం కోసం చిన్న సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. కాలువ నీళ్ల వంతు ఏ తూముకు వస్తుందో, ఆ తూము కింది రైతులందరి ఫోన్లకూ ముందురోజే మెసేజ్ పోవాలి. అంతే.

ఊళ్లో సగం మందికి కంప్యూటర్ నేర్పిన పంతులును నేను. మా ముగ్గురి కోడ్‌ను ఒక్కచోట చేర్చడానికి నేను కనిపెట్టిన గొప్ప పద్ధతి మాత్రం వాట్సాప్. ఎవరి మార్పులు వాళ్లు జిప్ ఫైలుగా పంపేవాళ్లు, నేను సర్వర్‌లోకి ఎక్కించేవాణ్ని. వాటి పేర్లు ఫైనల్, ఫైనల్-2, అస్లీ ఫైనల్, ఇదే ఫైనల్... మొత్తం పదకొండు. ఇన్ని ఫైనల్స్ ఆడి ఒక్క కప్పూ కొట్టని జట్టు మాదే.

ఒక బుధవారం పొద్దున సంఘం అధ్యక్షురాలు రాములమ్మ మెట్లెక్కి వచ్చింది.

"ఏంది సారూ, చివరి తూముకు నీళ్లొచ్చినయ్, పోయినయ్. పైనోళ్ల ఫోన్లు మోగినయ్, మాయి మోగలే. పల్లికి ఊడలు దిగే టైమిది. ఇప్పుడు తడి లేకుంటే కాయ యాడికెళ్లి వస్తది?"

"ఆ తప్పు పోయిన వారమే సరిచేశాం కదమ్మా."

"చేస్తే మరి యాడికి పోయింది? శనివారం మళ్ల మా వంతు. అది గిన తప్పితే నీ మెసేజులొద్దు, మాకు పాత డప్పు చాటింపే నయం."

షబానాకు ఫోన్ చేశాను. చివరి తూము కింద ఇల్లిల్లూ తిరిగి నంబర్లు రాసుకున్నది తనే. ఈసారి తప్పకుండా వస్తుందని రాములమ్మకు మాటిచ్చిందీ తనే.

"పోయిన వారం సోమవారమే సరిచేసి పంపిన సార్, టెస్ట్ గూడ చేసిన. తెల్లారి మంగళవారం మీరు శేఖరన్న జిప్ పంపి అందరినీ వేసుకోమంటే నా దాని మీదనే వేసుకున్న. ఇప్పుడు నా కాడ గూడ లేదు. ఆమెకు నా ముఖం ఎట్ల చూపియ్యాలె?"

ఫోన్ పెట్టేశాను. రాములమ్మ ఇంకా చాయ్ తాగుతోంది. నాకు కొంచెం రోషం వచ్చింది.

"మరి డప్పు ఎన్నడూ తప్పలేదా అమ్మా?"

"ఎందుకు తప్పుతది? మా బాలయ్య పొద్దుగాల లష్కర్ కాడికి పోయి అడిగొచ్చినంకనే డప్పు పట్టుకుంటడు. నిన్నటి మాట ఇయ్యాల చాటడు."

లష్కర్ అంటే కాలువ తూములు తెరిచి మూసే మనిషి. చాయ్ చేతిలో ఉండగానే నాకు వెలిగింది. మా ముగ్గురిలో ఎవ్వరం చాటే ముందు అడగడం లేదు. అడుగుదామన్నా మాకు లష్కరే లేడు!

ఆ మధ్యాహ్నమే గిట్ అనే సాధనంలో రిపోజిటరీ తెరిచాను. అంటే కోడ్ మొత్తానికి ఒకే ఇల్లు. ఎవరు, ఎప్పుడు, ఏ లైను మార్చారో అక్కడ రాసి ఉంటుంది. ఒక్కో మార్పును కమిట్ అంటారు. అక్కడి తాజా కోడ్ తెచ్చుకోవడం పుల్, మనది పంపడం పుష్. వాట్సాప్‌లోని పదకొండు జిప్‌లనూ తేదీల వరుసలో ఒక్కో కమిట్‌గా ఎక్కించాను. ముందుదానికీ తర్వాతదానికీ తేడా డిఫ్‌లో కనిపిస్తుంది, చేర్చినవి పచ్చగా, తీసేసినవి ఎర్రగా. తొమ్మిదో జిప్‌లో షబానా నాలుగు లైన్లు పచ్చగా మెరిశాయి. పదో జిప్‌లో అవే ఎర్రబడ్డాయి. నేను కుర్చీలోంచి లేచాను. దొరికాడు దొంగ!

పదో జిప్ శేఖర్‌ది. పాపం, పాత కాపీ మీద పని చేశాడు. కానీ తర్వాత వచ్చిందే కొత్తదనుకుని, తెరిచి కూడా చూడకుండా ఎక్కించింది ఎవరయ్యా అంటే, ఈ పంతులే.

ఇద్దరినీ వీడియో కాల్‌లోకి పిలిచాను.

"తప్పు నాదే కావొచ్చు సార్," అన్నాడు శేఖర్, అడక్కముందే.

"కాదు, నాది. ఇన్నాళ్లు గట్ల చేసినం, ఇప్పటి సంది గిట్ల చేద్దాం."

"గిట్‌ల సార్?" షబానా నవ్వింది. పొద్దుటి నుంచి అదే మొదటి నవ్వు.

షబానా తన నాలుగు లైన్లు మళ్లీ పెట్టి పుష్ చేసింది. వెనకే శేఖర్ తను చేసిన కొత్త స్క్రీన్ పుష్ చేయబోయాడు.

"సార్, నాది వద్దంటుంది!"

"ముందు పుల్ చెయ్. లష్కర్‌ను అడగకుండ డప్పు కొడుతున్నవ్."

పుల్ చేస్తే కాన్‌ఫ్లిక్ట్ వచ్చింది. ఇద్దరూ ఒకే చోట మార్చారన్నమాట. ఒకరిది తుడిచేయకుండా గిట్ ఆగి, ఇద్దరి రాతలూ పక్కపక్కన చూపించింది. ఎంత మర్యాదస్తురాలు!

"అన్నా, నీ కొత్త స్క్రీన్ ఉంచు, నా నాలుగు లైన్లు ఉంచు. పంచాయితీ ఖతం," అంది షబానా.

రెండూ కలిసి ఒక్కటయ్యాయి. ముగ్గురం ఒక్కసారే అరిచాం. కింద షాపాయన పరుగున పైకొచ్చాడు. "ఏం కాలింది సార్?"

"కాలలే అన్నా, కలిసింది!"

శుక్రవారం షబానా బస్సెక్కి ఆ ఊరికే పోయింది. "మాటిచ్చిన కాడనే నిలబడి చూస్త సార్," అంది. నాలుగింటికి మెసేజ్‌లు పోవాలి. నాలుగూ రెండు నిమిషాలకు నా ఫోన్ మోగింది. "సార్, రాములమ్మకు వచ్చింది! పక్కాయనకు వచ్చింది! అగో, ఇంకోటి!" ఆ మాటల వెనక వరసగా ఫోన్ల చప్పుడు. అంత మంచి సంగీతం నేను వినలేదు.

రాములమ్మ ఫోన్ అందుకుంది. "సారూ, ఈ బిడ్డ ఏడుస్తున్నదో నవ్వుతున్నదో తెల్వదు. ఇంతకు తప్పెవరిది?"

"నాదేనమ్మా. అందరికీ కనబడేటట్టు రాసి గూడ పెట్టిన."

"రాసిపెట్టినవా? తప్పు రాసిపెట్టుకున్న పెద్దమనిషిని ఇదే చూసుడు."

నిజంగానే రాశాను. పదో కమిట్ పక్కన ఇలా ఉంటుంది: "షబానా సరిచేసినదాన్ని చూడకుండా చెరిపింది నేను." ఎవరి తప్పో తెలిసిపోయే చోట జనం భయపడతారనుకునేవాణ్ని. అసలు భయం, ఎవరి తప్పో తెలియని చోటే ఉండేది. మరుసటి వారం శేఖర్ ఒక కమిట్ పెట్టాడు, నాకు ఫోన్ చేసి బతిమాలకుండా, ఏ సంజాయిషీ లేకుండా: "నిన్న పాడుచేసింది నేనే, ఇవాళ బాగుచేసిందీ నేనే."